టీషర్టు మీద బొమ్మ: మీరు అమ్ముతున్నది శ్రమా, హక్కా, సరుకా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం ఉగాదికి 120 టీషర్టులు కావాలని ఒక చిత్రకారిణిని అడిగిందనుకుందాం. ఆమె మూడు రకాలుగా ఒప్పుకోవచ్చు. బొమ్మ గీసి, ఫైలు ఇచ్చేసి, ఫీజు తీసుకోవడం ఒకటి. బొమ్మను తన దగ్గరే ఉంచుకుని, ఈ 120 టీషర్టుల వరకు వాడుకోమని అనుమతి ఇవ్వడం రెండోది. గుడ్డ తెప్పించి, అచ్చు వేయించి, మడతపెట్టిన టీషర్టులే చేతికివ్వడం మూడోది. పైకి మూడూ ఒకే పనిలా కనిపిస్తాయి. నిజానికి మొదటిదాంట్లో అమ్ముడయ్యేది శ్రమ, రెండోదాంట్లో హక్కు, మూడోదాంట్లో సరుకు. ధర కట్టే తీరు, పన్ను, చట్టం, నష్టం వస్తే ఎవరి నెత్తిన పడుతుందన్నది మూడింటికీ వేరు. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి ఒకే రేటు చెబుతారు, హక్కును తెలియకుండానే ఉచితంగా ఇచ్చేస్తారు. మంచి చేయి ఉన్నవాళ్లకు కూడా ఈ పనిలో డబ్బు నిలవకపోవడానికి అసలు కారణం ఇదే.

అచ్చు తెలియకుండా బొమ్మ గీయకూడదు

బొమ్మ మొదలుపెట్టే ముందే అది ఏ పద్ధతిలో అచ్చవుతుందో తేల్చుకోవాలి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ (బొమ్మ ఆకారంలో రంగు దిగే జాలీ చట్రం) కావాలి. ముదురు గుడ్డ అయితే అడుగున తెల్లపూతకు ఇంకొకటి. అంటే నల్ల టీషర్టు మీద మూడు రంగుల బొమ్మకు నాలుగు స్క్రీన్లు. ఆ తయారీ ఖర్చు పదికైనా వందకైనా ఒకటే కాబట్టి, ఒకే బొమ్మ యాభై, వంద టీషర్టుల మీద పడేటప్పుడే ఇది గిట్టుబాటవుతుంది. చిత్రకారుల వైపు నుంచి దీనికి చేయాల్సిన పని చాలా ఉంది. రంగులు తగ్గించాలి, పక్కపక్క రంగులు కలిసేచోట నల్లగీత పెట్టాలి. స్క్రీన్ వెంట్రుకవాసి జరిగినా ఆ గీత కప్పేస్తుంది. తెల్లపూతను పై రంగు కన్నా పావు మిల్లీమీటరు లోపలికి కుదించాలి, లేకపోతే బొమ్మ అంచున తెల్లదారం పట్టినట్టు కనబడుతుంది. వెలుగునీడలను నేరుగా ఇవ్వలేం, చుక్కలుగా మార్చాలి. టీషర్టు గుడ్డ మీద అంగుళానికి 45 నుంచి 55 వరుసల చుక్కలు పడతాయి. పత్రికలో కనిపించేంత సన్నని చుక్కలు కోరితే అవి ఒకదాన్నొకటి అంటుకుని మచ్చలా తేలతాయి. ప్లాస్టిసాల్ (వేడికి గట్టిపడే ప్లాస్టిక్ రకం) ఇంకు అయితే పొర మొత్తం దాదాపు 160 డిగ్రీల వేడికి చేరాలి. పైపైన ఆరితే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, గుడ్డను రెండు చేతులతో సాగదీస్తే ఇంకు పగులుతుంది. సరుకు తీసుకునేటప్పుడు కట్టలోంచి రెండు మూడు తీసి ఇలా లాగి చూడటం తప్పనిసరి.

డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) దీనికి పూర్తిగా వేరు. ఫిల్మ్ మీద రంగులు, వాటి వెనక తెలుపు ముద్రించి, జిగురుపొడి చల్లి కరిగించి, హీట్ ప్రెస్‌తో గుడ్డకు అతికిస్తారు. సాధారణంగా 150–160 డిగ్రీల వేడి, 10–15 సెకన్లు. ఎన్ని రంగులైనా ఖర్చు ఒకటే, ఒక్క టీషర్టైనా వేస్తారు. అందుకే చిన్న ఆర్డర్లన్నీ ఇటే వస్తున్నాయి. ఇక్కడ చెడిపోయేవి వేరు. సగం పారదర్శకంగా ఉన్న నీడలు, మంచు, పొగ లాంటి వాటి కింద కూడా యంత్రం తెలుపు వేస్తుంది, దాంతో నల్ల గుడ్డ మీద బొమ్మ చుట్టూ పాలరంగు వలయం ఏర్పడుతుంది. ఫైల్లో సగం పారదర్శకత అసలు ఉంచకుండా, నీడను చుక్కలుగా మార్చి ఇస్తే ఈ ఇబ్బంది పోతుంది. అర మిల్లీమీటరు కన్నా సన్నని విడిగీతలకు పొడి సరిగా అంటదు, కొన్ని ఉతుకులకే ఊడిపోతాయి. ఇక ఛాతీ నిండా ఒకే రంగు నింపితే అది ప్లాస్టిక్ అట్టలా తగిలి, చెమట పీల్చదు. బొమ్మ మధ్యమధ్య ఖాళీలు వదిలి గుడ్డ రంగునే ఒక రంగుగా వాడుకోవాలి. కొనేవాళ్లు మళ్లీ వస్తారా లేదా అన్నది బొమ్మ అందం కన్నా ఎక్కువగా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది.

గుడ్డ విషయానికి వస్తే, బెంగళూరుకు వచ్చే సాదా టీషర్టుల్లో ఎక్కువ భాగం తిరుప్పూర్ సరుకే. చిక్‌పేట హోల్‌సేల్ దుకాణాల్లోనూ దొరుకుతాయి గానీ, అక్కడ ఈ నెల కొన్న నలుపు, వచ్చే నెల కొన్న నలుపు ఒకే లాటువి కాకపోవచ్చు. మామూలు టీషర్టుకు 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో), ఓవర్‌సైజుకు 220–240 సరిపోతుంది. బయోవాష్ చేసిందేనా అని అడగండి. ఎంజైములతో పైనూగు తీసేసిన గుడ్డ మీద ముద్ర నున్నగా పడుతుంది. నూగు ఉన్న గుడ్డ మీద వేస్తే, ఉతికేకొద్దీ పోగులు ఇంకును చీల్చుకుని పైకొచ్చి బొమ్మ వెలిసినట్టు కనిపిస్తుంది. తప్పు ఇంకుది అనుకుంటాం గానీ గుడ్డది. ఇంకో పరీక్ష: ఒక టీషర్టు మీద నిలువునా అడ్డంగా 50 సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, ఉతికి ఆరేసి కొలవండి. 2.5 సెంటీమీటర్లు తగ్గితే 5 శాతం కుంచించుకుపోయినట్టు. పక్క కుట్టు ముందువైపుకు తిరిగిందేమో కూడా చూడండి. అలా తిరిగే గుడ్డ మీద ఎంత నిటారుగా వేసినా బొమ్మ పక్కకు వాలుతుంది.

కొలతలు: పెద్దవాళ్ల ముందువైపు బొమ్మ 12 అంగుళాల వెడల్పు వరకు, మెడపట్టీ నుంచి మూడు అంగుళాల కిందికి. ఎస్ సైజుకు అదే 12 అంగుళాలు పెడితే చంకల దాకా వెళ్తుంది, 10కి తగ్గించాలి. ఫైలు అసలు కొలతలో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండాలి. 12×16 అంగుళాలకు 3600×4800 పిక్సెళ్లు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గానే పంపాలి.

తెలుగు అక్షరం అడిగే జాగ్రత్తలు

ఇంగ్లిష్ అక్షరాలతో చేసే డిజైన్‌కు లేని కష్టాలు తెలుగుకు ఉన్నాయి. ఒకటి సాఫ్ట్‌వేర్‌ది. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్‌లలో టైప్ ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్‌ను, లేదా ఇండిక్ ఆప్షన్స్‌ను ఆన్ చేయకపోతే ఒత్తులు కిందికి దిగకుండా పొల్లులుగా విడిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు, అది ఉచితం కూడా. రెండోది ప్రింటర్ దగ్గర. అక్కడి కంప్యూటర్లో మీ ఫాంటు ఉండదు, తెరిచిన మరుక్షణం మాటలు చెదురుతాయి. అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన మాటలైతే యూనికోడ్ ఫాంటు పడగానే అర్థంలేని గుర్తులవుతాయి. కాబట్టి అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని వట్టి ఆకారాలుగా, మార్చే పంపాలి. పైగా బెంగళూరులో ఆపరేటర్ సాధారణంగా కన్నడ చదువుతాడు. మన లిపి అతనికి తెలిసినట్టే ఉంటుంది గానీ, తలకట్టు పోయినా ఒత్తు మారినా అతని కంటికి అది తప్పుగా తోచదు. నమూనా అచ్చును తెలుగు చదివే మనిషి అక్షరం అక్షరం చూడాల్సిందే.

మూడోది అక్షరాల ఒంపుల్లోనే ఉంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. ఇంకు పరుచుకుని ఆ మెలిక మూసుకుపోతే ‘వీడు’ కాస్తా ‘విడు’ అవుతుంది. ధ, భ, ఢ లాంటి వాటి అడుగున ఉండే చిన్న నిలువుగీత సన్నని ఫాంటులో కొట్టుకుపోతుంది. ఘ, ఝ, ణ లోపలి ఖాళీలు పూడిపోతాయి. డిజైన్‌ను అసలు కొలతలో కాగితం మీద తీసి, లోపలి ఖాళీల్లో ఏదీ ఒక మిల్లీమీటరు కన్నా ఇరుకుగా లేకుండా చూసుకుంటే ముద్రలో మిగులుతుంది. ‘రాష్ట్రం’ లాంటి మాటకు రెండంతస్తుల ఒత్తులుంటాయి. వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో చిక్కుకుంటుంది.

ఫాంటు లైసెన్సు కూడా చూడాలి. రామభద్ర, ధూర్జటి, సురన్న, గిడుగు, రవి ప్రకాష్, బాలూ తమ్ముడు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి. వాటితో చేసిన డిజైన్‌ను అమ్ముకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదు, అంతే. వ్యక్తిగత వాడకానికి మాత్రమే అని రాసినవి టీషర్టుకు పనికిరావు. అన్నిటికన్నా మంచిది చేత్తో రాసుకోవడం. తెలుగు చేతిరాత డిజైన్లు తక్కువ, వాటి కోసం వెతికేవాళ్లు ఎక్కువ.

మూడు రేట్లు, మూడు లెక్కలు

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. అంకెల స్థానంలో మీకు వచ్చిన కొటేషన్లు వేసుకోండి. సాదా టీషర్టు రూ. 180, ముద్రణ రూ. 60, కవరు, రవాణా రూ. 20, మొత్తం రూ. 260. 120కి రూ. 31,200. మరకలు, వంకర ముద్రలు ఉంటాయి కాబట్టి ఐదు అదనంగా వేయించాలి. వాటికి గుడ్డ, ముద్రణ కలిపి రూ. 1,200. మొత్తం ఖర్చు రూ. 32,400. టీషర్టు రూ. 350కి అమ్మితే రూ. 42,000 వస్తుంది. చేతిలో మిగిలేది పన్నుకు ముందు రూ. 9,600. ఇందులోనే బొమ్మ గీసిన రోజులు, సైజుల జాబితా కోసం చేసిన ఫోన్లు, మార్చమని వెనక్కొచ్చిన టీషర్టులు అన్నీ ఉన్నాయి. అదే బొమ్మకు రూ. 9,000 ఫీజు తీసుకుని ఫైలు ఇస్తే ఈ తిప్పలేవీ లేవు.

మరి సరుకు అమ్మడం ఎందుకు? అదే బొమ్మ మళ్లీ మళ్లీ అమ్ముడయ్యే పక్షంలో అర్థముంది. ఒక్క సంఘం పేరు, తేదీ ఉన్న డిజైన్‌కు సరుకు అమ్మడం దండగ, ఫీజు తీసుకోవాలి. ఎవరైనా వేసుకోగల బొమ్మకు ఫీజు తీసుకుని వదిలేయడం దండగ. ఈ తేడా మొదటే పట్టుకోవాలి. నిల్వ పెట్టి అమ్మేటప్పుడు ఎస్, ఎమ్, ఎల్, ఎక్సెల్ సైజులను 1:2:2:1 చొప్పున మొదలుపెట్టండి. 60 తెస్తే 10, 20, 20, 10. ఎమ్, ఎల్ అయిపోయి చివరి సైజులు మిగలడం మామూలే, ఆ మిగులుని ధరలో ముందే కలుపుకోవాలి.

కంపెనీకి హక్కు ఇచ్చి రాయల్టీ (అమ్మకాల్లో వాటా) తీసుకునేటప్పుడు శాతం కన్నా ముఖ్యమైనది, ఆ శాతం దేని మీద అన్నది. రూ. 699 ఎమ్మార్పీ మీద 8 శాతం అంటే రూ. 55.92. అదే టీషర్టును డిస్కౌంటులో రూ. 349కి అమ్మి, అందులోంచి 5 శాతం జీఎస్టీ తీసేసి, నికరం మీద 8 శాతం ఇస్తే రూ. 26.59. ఒప్పందంలో ‘నికర అమ్మకాలు’ అన్న మాటకు నిర్వచనం లేకుంటే సంతకం పెట్టకండి. ఒక్కో టీషర్టుకు ఇంత అని కనీస మొత్తం, ముందుగా కొంత అడ్వాన్సు అడగడం న్యాయమే.

నిల్వ అక్కర్లేని దారి ప్రింట్ ఆన్ డిమాండ్. చెన్నైలోని ప్రింట్రోవ్, తిరుప్పూర్‌లోని క్విక్‌ఇంక్ లాంటివి ఆర్డరు వచ్చాక ఒక్కటే వేసి పంపుతాయి. ఒక్కో ముక్క ఖరీదు ఎక్కువ, లాభం తక్కువ. అసలు గండం నగదు డెలివరీలో ఉంది. కొన్నవాళ్లు తీసుకోకపోతే రెండువైపులా కొరియర్ చార్జీ, ఇంకెవరికీ పనికిరాని సైజులో ఒక టీషర్టు మీకే మిగులుతాయి. ముందస్తు చెల్లింపుకు చిన్న తగ్గింపు ఇచ్చి అటు తిప్పడమే మార్గం. అమెరికా సైట్ల ద్వారా అమ్మేటప్పుడు డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారంలో పాన్ నంబరు ఇచ్చి భారత్–అమెరికా పన్ను ఒప్పందాన్ని చూపిస్తే, అక్కడి అమ్మకాల రాయల్టీ మీద పన్ను కోత 30 శాతం నుంచి 15 శాతానికి తగ్గుతుంది.

రాష్ట్రం దాటితే జీఎస్టీ

బెంగళూరులో ఉంటూ తెలుగు టీషర్టులు అమ్మేవాళ్లకు ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే కొనేవాళ్లు హైదరాబాదులో, విజయవాడలో, కర్నూలులో ఉంటారు. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు కర్ణాటకలో రూ. 40 లక్షల దాకా, సేవలు కూడా కలిస్తే రూ. 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది నిజమే. కానీ ఆ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మే సరుకుకే. ఇలాంటి టీషర్టు ఒక్కటి రాష్ట్రం దాటి అమ్మినా, టర్నోవర్ ఎంతైనా సరే, ముందే రిజిస్టర్ అయి ఉండాలి. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి సరుకు అమ్మడానికే లేదు. డిజైన్ ఫీజు, హక్కు అనుమతి అలా కాదు. అవి సేవలు, వేరే రాష్ట్రంలోని కంపెనీకి ఇచ్చినా రూ. 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ లేకుండానే నడుస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. టీషర్టుల కోసం రిజిస్టర్ అయిన రోజు నుంచి మీ డిజైన్ ఫీజుల మీద కూడా 18 శాతం వేయాలి. టీషర్టుకు 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ. 2,500 వరకు 5 శాతమే, కానీ డిజైన్ సేవకు 18. జీఎస్టీ లేని చిన్న క్లయింట్లకు అది వెనక్కి రాని భారం. అందువల్ల డిజైన్ ఫీజులే ప్రధాన ఆదాయమైనవాళ్లు, సరుకు వ్యాపారం నిజంగా నడుస్తుందని తేలేదాకా పొరుగు రాష్ట్రాలకు టీషర్టులు పంపకపోవడమే నయం. ఆ అమ్మకాలను అక్కడే రిజిస్టర్ అయి ఉన్న అమ్మకందారుకు హక్కు ఇచ్చి చేయించవచ్చు. రిజిస్ట్రేషన్‌కు అద్దె ఇంటి చిరునామా ఇవ్వాలంటే అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు కావాలి, ఇంటి ఓనరు అంగీకారపత్రం కూడా సిద్ధంగా ఉంచుకోవడం మేలు. అమ్మకాలు లేని నెలలకూ రిటర్ను వేయాలి. సున్నా రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ. 20.

యాభై దాటితే ఏమవుతుంది

బొమ్మ గీసిన క్షణమే కాపీరైటు పుడుతుంది, చిత్రకారుల జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది 1957 కాపీరైటు చట్టంలోని 15వ సెక్షన్. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా, యజమాని గానీ ఆయన అనుమతితో మరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువసార్లు వస్తువు మీద వేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైటు ఆగిపోతుంది. 120 టీషర్టులంటే ఆ గీత దాటినట్టే. దొంగచాటుగా వేసినవాళ్ల కాపీలు ఈ లెక్కలోకి రావు.

అయితే అసలు బొమ్మ మీద హక్కు కూడా పోతుందా? 2009లో ఢిల్లీ హైకోర్టు మైక్రోఫైబ్రెస్ కేసులో ఈ రెండింటినీ విడదీసింది. స్వతంత్రంగా నిలిచే కళాకృతికి పూర్తి కాపీరైటు ఉంటుంది. వస్తువు మీద వేయడానికే తయారైన రూపం డిజైన్ అవుతుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్రయోగ్యాస్ కేసులో, ఫలానా పని నిజంగా కళాకృతా లేక పారిశ్రామికంగా వాడిన డిజైనా అన్నది ముందు తేల్చాలని చెప్పింది. టీషర్టు బొమ్మ సరిగ్గా ఈ సరిహద్దు మీద ఉంటుంది, రెండు వైపులా వాదించవచ్చు. కాబట్టి వాదన మీ వైపు నిలిచేలా ముందే పని చేయాలి. బొమ్మను మొదట చిత్రంగా పూర్తిచేయండి, సంతకం, తేదీ వేయండి, కాగితం మీద కళాముద్రణగా అమ్మండి. ఏటా జనవరిలో చిత్రకళా పరిషత్ కుమారకృపా రోడ్డులో జరిపే చిత్రసంతె లాంటి చోట అది చిత్రంగా జనం ముందుకు వస్తే, కళాకృతి అనడానికి అదొక బలమైన ఆధారం.

బాగా అమ్ముడవుతుందని నమ్మకమున్న డిజైన్‌ను డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయించుకోవచ్చు. పదేళ్లు, ఆపై ఇంకో ఐదేళ్లు రక్షణ. వ్యక్తులకు దరఖాస్తు ఫీజు రూ. 1,000. షరతు ఒకటే: దరఖాస్తు నాటికి ఆ డిజైన్ ఎక్కడా బయటపడి ఉండకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా కొత్తదనం పోయినట్టే. అంటే దరఖాస్తు ముందు, చిత్రసంతె తర్వాత. విడిగా కాపీరైటు నమోదు తప్పనిసరి కాదు గానీ కోర్టులో ఆధారంగా పనికొస్తుంది. మామూలు కళాకృతికి రూ. 500. సరుకు మీద వాడేదైతే రూ. 2,000, దానితోపాటు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ ధ్రువపత్రం.

ఒప్పందాల్లో మూడు మాటలు మరవకూడదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని 19వ సెక్షన్ అనుకుంటుంది. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని డబ్బిచ్చినవారే. అందుకని చిన్న ఆర్డరుకైనా ‘ఈ బొమ్మ హక్కులు చిత్రకారుడివే, 120 టీషర్టులకు మాత్రమే అనుమతి’ అని ఈమెయిల్లో రాసి, అవతలివారి ‘ఓకే’ తీసుకుని, ఇన్‌వాయిస్ మీదా అదే వాక్యం పెట్టండి. పగలు ఐటీ ఉద్యోగం చేసి రాత్రి బొమ్మలు గీసేవాళ్లు బెంగళూరులో ఎందరో. వాళ్లు ముందు తమ ఉద్యోగ ఒప్పందం చదవాలి. ఉద్యోగకాలంలో సృష్టించినదంతా కంపెనీదే అన్న వాక్యం చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ ఈ పనికి ముట్టుకోకూడదు.

ఇతరుల హక్కు విషయంలోనూ అంతే నిక్కచ్చిగా ఉండాలి. హీరో ముఖం, శైలి వాడుకోవడం మీద 2015లోనే మద్రాసు హైకోర్టు రజనీకాంత్ పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. బాపు గీతలు 2074 చివరి దాకా కాపీరైటులోనే ఉంటాయి. 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలకు ఆ కాలం ఎప్పుడో తీరింది. జాతీయ జెండాను దుస్తుల గుడ్డ మీద అచ్చు వేయడం జాతీయ గౌరవ చట్టం ప్రకారం నేరం.

మీ బొమ్మను ఎవరైనా ఎత్తుకెళ్లి ఆన్‌లైన్లో అమ్ముతుంటే, పొరలతో ఉన్న అసలు ఫైలు, స్కెచ్చులు, తేదీలున్న ఈమెయిళ్లు జతచేసి సైటు ఫిర్యాదు అధికారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఆ లింకు, మీ హక్కుకు ఆధారం, కోర్టుకు వెళతామన్న హామీ అందులో ఉండాలి. కాపీరైటు నియమాలు, 2013లోని 75వ నియమం ప్రకారం సైటు 36 గంటల్లో దాన్ని ఆపాలి. ఆ ఆపు 21 రోజులే. ఈలోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే సైటు దాన్ని మళ్లీ తెరవవచ్చు. కాబట్టి నోటీసు పంపిన రోజే వకీలును కలిసి కాగితాలు అప్పగించడం మంచిది.